శ్రీలంకలో మేము కొన్నవి, మాకు అంటగట్టినవి

అత్తయ్య మోకాళ్ళ నొప్పులకని శ్రీలంకలో 15,600 రూపాయలు పోసి కొన్న నూనె ఇప్పుడు మా గేటు బందులకు పనికొస్తోంది. గేటు కిర్రుమనడం మానేసింది. అత్తయ్య మోకాళ్ళు మాత్రం మెట్లెక్కేటప్పుడు ఎప్పటిలాగే పలుకుతున్నాయి. 15,600 అంటే అక్కడి రూపాయలు లెండి, కింద రాసిన ధరలూ అవే, మన రూపాయికి వాళ్ళవి మూడున్నర చొప్పున వచ్చాయి మాకు. అయినా ఆ సీసాలు చూసినప్పుడల్లా కడుపు మండుతుంది. ఆ మంటలోనే ఇది రాస్తున్నాను.

వెళ్ళింది నలుగురం. నేను, మా ఆయన, అత్తయ్య, ఇంటర్ చదువుతున్న మా పిల్ల. ఆరు రాత్రులు. శంషాబాద్‌లో ఎక్కితే రెండు గంటల్లో కొలంబో. దిగగానే అక్కడి డ్యూటీ ఫ్రీలో సెంట్లు, చాక్లెట్ల పక్కనే ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు వరసగా పెట్టి ఉన్నాయి. గల్ఫ్ నుంచి ఇంటికొచ్చేవాళ్ళు కొనుక్కుపోతారట. అత్తయ్య ఒక వాషింగ్ మెషీన్ తలుపు తీసి చూసి "మనదానికంటే చిన్నదే" అని మూసేసింది. కారు, డ్రైవరు కలిపి రోజుకు 19,000, పెట్రోలూ అతని బసా అందులోనే. డ్రైవరు బంగారంలాంటి మనిషి, ఒక్క విషయంలో తప్ప.

కొలంబో నుంచి దంబుల్ల వైపు వెళ్తుంటే పస్యాల దగ్గర రోడ్డు పక్కన ఆడవాళ్ళు రంగురంగుల బట్టల్లో వేయించిన జీడిపప్పు అమ్ముతుంటారు. ఆ ఊరి పేరే కజుగమ, జీడిపప్పు ఊరు. డ్రైవరు ఎంతో సంబరంగా కారు ఆపాడు. మా ఆయన ఉద్యోగం మొదలుపెట్టింది పలాసలో. "పలాసలో పనిచేసినవాడికి ఇక్కడ జీడిపప్పా!" అని కారు కూడా దిగలేదు. అప్పటికి మంచి హుషారులో ఉన్నాడు. సిగిరియా ఎక్కాం, దంబుల్ల గుహలు చూశాం, బాగున్నాయి.

మూడో రోజు కేండీకి వెళ్ళే దారిలో మాతలే వచ్చింది. అక్కడ వరసగా సుగంధద్రవ్యాల తోటలు. ప్రవేశం ఉచితం అన్నాడు డ్రైవరు. ఉచితం అన్న మాట విన్నప్పుడే మాకు అనుమానం రావలసింది.

లోపల తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన "నమస్తే మాజీ" అంటూ ఎదురొచ్చాడు. తనని డాక్టర్ అని పరిచయం చేసుకున్నాడు. మిరియాల తీగ, ఏలకుల మొక్క, వెనిలా, కోకో కాయ చూపించాడు. ఇరవై నిమిషాలు నిజంగానే బాగుంది, మా పిల్ల ఫోన్ పక్కన పెట్టి మరీ విన్నది. తర్వాత ఒక పాకలోకి తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టి చిన్న కప్పుల్లో ఏదో కషాయం ఇచ్చారు. ఎదురుగా బల్ల మీద సీసాలు, ఒక్కోదానికీ ఒక నంబరు. జుట్టుకి ఇది, ముఖానికి ఇది, పొట్ట తగ్గడానికి అది. మోకాళ్ళ నూనె దగ్గరకు వచ్చేసరికి అత్తయ్య ముందుకు జరిగింది. అంతే, ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి, "అమ్మా, అమ్మా" అంటూ ఆవిడ మోకాళ్ళకి నూనె రాసి పది నిమిషాలు మర్దన చేశారు. ఇంకొకడు మా ఆయన మెడ పట్టాడు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ ముఖం చూసి నేను కూడా ఏమీ అనలేకపోయాను.

ఆ తర్వాత చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో సీసా నంబర్లే తప్ప ధరలు ఉండవు. కావలసిన వాటికి టిక్ పెట్టాక కౌంటరు దగ్గర ధర చెబుతారు. మోకాళ్ళ నూనె 7,800 ఒక సీసా, కోర్సు అంటే రెండు వాడాలట. జుట్టు నూనె 6,400. ముఖానికి క్రీము 5,500. మొత్తం 27,500. మర్దన చేసిన కుర్రాళ్ళు పక్కనే నిలబడి ఉన్నారు, వాళ్ళకి 1,000. మా ఆయనది మొహమాటం పుట్టుకతో వచ్చింది, అత్తయ్య కాళ్ళు పట్టినవాళ్ళ ముందు వద్దు అనడం ఆయన వల్ల కాలేదు. కార్డు తీసి ఇచ్చేశాడు. మన డబ్బులో 7,850 పైన. రాత్రి హోటల్లో మా పిల్ల మూత తీసి వాసన చూసి, "ఇది నువ్వుల నూనెలో కర్పూరం వేసిన వాసనే కదమ్మా" అంది. ఎవరూ మాట్లాడలేదు. మా ఆయన ఆ రాత్రి అన్నం కూడా సగమే తిన్నాడు.

తోట చూడాలనుకుంటే చూడండి, తప్పులేదు. బెంచీ మీద మాత్రం కూర్చోకండి. ఎవరైనా మీ కాళ్ళు ముట్టుకోబోతే లేచి నిలబడండి.

అదే తోటలో దాల్చినచెక్క 100 గ్రాములు 3,200 చెప్పారు. అదృష్టం, అప్పటికే డబ్బు అయిపోయింది కాబట్టి కొనలేదు. మర్నాడు కేండీలో అత్తయ్యని, పిల్లని బుద్ధుడి దంతం ఉన్న గుడి, దంతమందిరం దగ్గర వదిలి నేనొక్కదాన్నే బజారుకి వెళ్ళాను. మున్సిపల్ మార్కెట్లోనూ మనలాంటి వాళ్ళ కోసం కట్టిన రంగుల ప్యాకెట్లే ఎక్కువ. వెనక సందులో బియ్యం, ఎండుమిరపకాయలు అమ్మే కొట్టు ఒకటి కనిపించింది, అక్కడి ఆడవాళ్ళు సంచులతో నిలబడి ఉన్నారు. అదే 250 గ్రాములు 1,650కి ఇచ్చాడు. అంటే వంద గ్రాములు 660. లెక్క మీరే వేసుకోండి.

అసలు సిలోన్ దాల్చినచెక్క ఎలా ఉంటుందో ఆ కొట్టాయనే చూపించాడు. కాగితంలా పలచని పొరలు ఒకదానిలో ఒకటి చుట్టుకుని, అచ్చం గోదావరి జిల్లా పొగాకు చుట్టలా ఉంటుంది. వేళ్ళతో నలిపితే పొడి అయిపోతుంది. రంగు లేతగా ఉంటుంది. అన్నిటికంటే సన్నని చుట్టని అల్బా అంటారు, ధరా దానిదే ఎక్కువ. మన కిరాణా కొట్లలో మామూలుగా దొరికేది కేసియా, వేరే జాతి. అది ఒకే పొర, మందంగా బెరడులా ఉంటుంది, రోకలితో కొడితే గానీ విరగదు. ఒక్క మాట నిజం చెప్పాలి. పలావులో ఈ సిలోన్ చెక్క ఘాటు మనకి చాలదు. టీలో, పరమాన్నంలో వేస్తే మాత్రం ఇల్లంతా వాసన. నేనింక పరమాన్నానికి కేసియా వాడను.

కేండీలో చెరువుకి పైన కొండ మీద చిన్న గెస్ట్ హౌస్, రెండు గదులు కలిపి రాత్రికి 16,500, పొద్దున్న టిఫినుతో. శుభ్రంగా ఉంది. ఆ చెరువు తవ్వించిన శ్రీ విక్రమ రాజసింహుడు కేండీ ఆఖరి రాజు, నాయకర్ వంశం వాడు, మదురై నాయకుల వైపు నుంచి తెలుగు మూలాలున్న వంశం. 1815లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని తర్వాత వేలూరు కోటకి పంపేశారు. ఇది విన్నాక అత్తయ్య చెరువుని కాస్త సొంతంగా చూడటం మొదలుపెట్టింది. టిఫినులో ఆప్పాలు, కొబ్బరి సంబోల్. ఆవిడ రెండోసారి కూడా సంబోల్ వేయించుకుంది. ఆ రోజు శనివారం, ఆవిడకి నీచు నిషిద్ధం. సంబోల్లో ఎండబెట్టిన మాల్దీవుల చేప పొడి వేస్తారని తర్వాత తెలిసింది. ఆవిడ కాసేపు మౌనంగా ఉండి, "తెలియక తింటే దోషం లేదు" అంది. ఆ చేపని అక్కడ ఉంబలకడ అంటారు, నియమాలున్నవాళ్ళు ముందే "ఉంబలకడ వద్దు" అని చెప్పండి.

కేండీ వదిలే ముందు డ్రైవరు ఇంకో ప్రయత్నం చేశాడు. రత్నాల మ్యూజియం అన్నాడు. రత్నపుర గనుల మీద వీడియో, గనిలాగా కట్టిన గుంట, ఆ తర్వాత షోరూము. శని ప్రభావానికి జాతి నీలం మంచిదని అక్కడి అమ్మాయి మొదలుపెట్టగానే అత్తయ్య నా వైపు చూసింది. పాలిపోయిన గ్యూడా రాళ్ళని కాల్చి నీలం రంగు తెప్పించడం అక్కడ మామూలే. అది దొంగతనమేమీ కాదు, కానీ ఆ సంగతి చెప్పి అమ్మాలి, ధర దాన్నిబట్టి ఉండాలి. చూడగానే పోల్చుకోవడం మన వల్ల కాదు. కొనాలని పట్టుదల ఉంటే వాళ్ళ ప్రభుత్వ రత్నాభరణాల సంస్థ ప్రయోగశాలలో పరీక్ష అయ్యాకే డబ్బిస్తామనండి. మా ఆయన, మొన్న మెడ పట్టించుకున్న మనిషి, ఈసారి జేబులో చేతులు పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. పావుగంటలో బయటపడ్డాం. నువర ఎలియ చేరేదాకా డ్రైవరు పాటలు పెట్టలేదు.

నువర ఎలియ టీ గురించి మా ఇంట్లో రెండు అభిప్రాయాలు. ఎత్తు కొండల మీద పండే టీ లేత తేనె రంగులో ఉంటుంది, పాలు పోయకుండా తాగాలి. నాకు ప్రాణం లేచొచ్చింది. అత్తయ్య "వేణ్ణీళ్ళకి రంగేశారు" అంది. తప్పు ఆవిడది కాదు. మనలా పాలు పోసి మరిగించేవాళ్ళకి దక్షిణాన రుహుణ వైపు తక్కువ ఎత్తులో పండే టీ కావాలి, నల్లగా చిక్కగా దిగుతుంది. ప్యాకెట్ మీద బీఓపీఎఫ్ అనో డస్ట్ అనో, అంటే సన్న పొడి రకమని, ఉన్నది చూసి తీసుకోండి. ఫ్యాక్టరీ పక్క కొట్లో అందమైన డబ్బాకి డబ్బు కడతాం. ఊళ్ళో సూపర్ మార్కెట్లో 400 గ్రాములు 1,240, మన డబ్బు 354. కత్తి పట్టుకున్న సింహం ముద్ర ఉంటే మొత్తం సిలోన్ టీయే, అక్కడే ప్యాక్ చేసింది అని అర్థం. మూడు ప్యాకెట్లు తెచ్చాను, ఆడపడుచుకి ఇచ్చిన ప్యాకెట్ తప్ప అన్నీ అయిపోయాయి. ఆవిడ షోకేసులో పెట్టుకుంది.

అక్కడినుంచి కిందికి దిగి తిస్సమహారామ వైపు వచ్చాం. ఈ యాత్రలో నాకు మిగిలిన సంతోషమంతా ఆ రోడ్డు పక్కనే దొరికింది. వరసగా పాకలు, దూలాలకు తాళ్ళు కట్టి మట్టిచట్లు వేలాడదీసి ఉన్నాయి. చట్టినిండా గేదె పెరుగు. మీకిరి అంటారు. చట్టి బోర్లించినా జారదు, అంత గట్టి. పైన కితుల్ పాకం పోసుకుని తినాలి. సీసా మీద చెట్టు బొమ్మ చూసి అత్తయ్య ఆగిపోయింది. ఆవిడది గోకవరం దగ్గర పల్లె, చిన్నప్పుడు రంపచోడవరం ఏజెన్సీ నుంచి జీలుగు కల్లు దిగడం చూసిన మనిషి. "ఇది జీలుగు కదే అమ్మాయ్! చేప తోకలాంటి ఆకు. కేండీ కొండల మీద చూసి అదేనా కాదా అనుకున్నా" అంది. అదే. మన వైపు జీలుగంటే కల్లే గుర్తొస్తుంది, వీళ్ళు తియ్యటి నీరాని పులియనివ్వకుండా కాచి పాకం, బెల్లం చేస్తారు. కొంచెం పొగవాసన, చివర్లో సన్నటి చేదు. నలుగురం పాక ముందు బల్ల మీద కూర్చుని చెక్క చెంచాలతో చట్టి ఖాళీ చేశాం. యాత్రలో మా ఆయన మొదటిసారి మనసారా నవ్వింది అక్కడే. చట్టితో సహా పెరుగు 620, పాకం సీసా 1,900. చవక పాకంలో పంచదార కలుపుతారు, ఆ పొగవాసన లేకపోతే తీసుకోవద్దు.

ఆ సీసా గురించి ఒక హెచ్చరిక. మూతకి ప్లాస్టిక్ చుట్టి, కవర్లో పెట్టి, కవరు నోరు ముడేసి అప్పుడు పెట్టెలో పెట్టండి. నేను మూత గట్టిగా తిప్పానని ధీమాగా ఉన్నాను. ఇంటికొచ్చి పెట్టె తీసేసరికి మా ఆయన మూడు చొక్కాలకి పాకం పట్టింది, తెల్లారేసరికి చీమలు. ఆయన ఏమీ అనలేదు. ఏదన్నా అంటే నేను 27,500 గుర్తు చేస్తానని తెలుసు.

గాల్ కోటలో అన్నీ అందంగా ఉంటాయి, అన్నీ ఖరీదే. చెక్క కండెలతో అల్లే బీరలు లేసు చూసి ధర విని పెట్టేశాను. అది దాటాక అంబలంగొడలో మా పిల్ల ముసుగు కావాలని పట్టుబట్టింది. కదురు అనే తేలిక చెక్కతో చెక్కి రంగులు వేస్తారు. రోగాలు తెచ్చే పద్దెనిమిది మంది సన్ని రాక్షసులకి పద్దెనిమిది ముఖాలు. పిల్ల ఎంచుకున్నది మాత్రం వేరే రకం, నాగ రాక్ష, తలనిండా పాములు, బయటికొచ్చిన గుడ్లు, చిన్న సైజు 4,500. "ఇంట్లో రాక్షసి ముఖమేమిటి" అని అత్తయ్య అడ్డం తిరిగింది. ఇక్కడివాళ్ళు చెడు తగలకుండా ఇంటికి కడతారని చెప్పాక, "అయితే దిష్టిబొమ్మే కదా, ముందే చెప్పొచ్చుగా" అని తనే 4,000కి బేరం చేసింది, అదీ తెలుగులో. ఇప్పుడది మా వీధి గుమ్మం మీద ఉంది.

బేరాలు ఇష్టం లేనివాళ్ళు ప్రభుత్వం వారి హస్తకళల దుకాణం లక్సలకి వెళ్ళండి. అమ్మేవాళ్ళు కుర్చీల్లోంచి లేవరు, వెంటపడరు, ఆ వారం తర్వాత నాకదే పెద్ద సుఖంగా తోచింది. ధర చీటీ మీదే ఉంటుంది. దుంబర నేత సంచి 2,800కి తీసుకున్నాను, గట్టి నార, ఏడాదిగా కూరగాయలు మోస్తోంది.

ఇంతకీ ఆ పెరుగు చట్టి. పెరుగయ్యాక పారేయబోతే అత్తయ్య లాక్కుని హోటల్ బాత్రూంలో కడిగి, చీర చెంగులో చుట్టి, విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. కొలంబో ఎయిర్‌పోర్టులో స్కానర్ దగ్గర ఆ అమ్మాయి రెండుసార్లు తిప్పి చూసి నవ్వి ఇచ్చేసింది. రోజూ రాత్రి అందులోనే తోడు పెడుతోంది. మట్టి నీటిని పీల్చుకుంటుంది కాబట్టి మన ప్యాకెట్ పాలు కూడా గట్టిగా తోడుకుంటున్నాయి. మా పిల్ల దాంట్లో కాక్టస్ పెడతానని నెల నుంచి అడుగుతోంది. వెళ్ళేవాళ్ళు రెండు చట్లు తెచ్చుకోండి.