స్టేషనరీకి 'ఏ' ఎప్పుడు, 'ఈ' ఎప్పుడు?

ఇంగ్లిష్‌లో stationary, stationery అని రెండు పదాలున్నాయి. పలికితే రెండూ స్టేషనరీయే, రాసేటప్పుడే టెన్షన్. చివర 'ఏ-ఆర్-వై' ఉంటే కదలకుండా ఉన్నదని అర్థం, ఆగి ఉన్న బండికి వాడేది ఇదే. 'ఈ-ఆర్-వై' అయితే కాగితాలు, పెన్నులు, కవర్లు. రెండింటికీ మూలం మాత్రం ఒకటే, నిలబడటం అనే అర్థమున్న లాటిన్ ధాతువు. నాకు బాగా నచ్చేది రెండోదాని కథ: మధ్యయుగాల్లో చాలామంది వర్తకులు ఊరూరా తిరిగి అమ్ముకునేవాళ్లు కాబట్టి, ఒకేచోట దుకాణం పెట్టుకుని పుస్తకాలు అమ్మేవాణ్ణి స్టేషనర్ అన్నారు, అతని సరుకు స్టేషనరీ అయింది. లండన్‌లో వాళ్ల సంఘం 1403లోనే ఏర్పడింది, 1557లో రాచరికం తరఫున చార్టర్ (అధికార పత్రం) కూడా దక్కింది. స్పెల్లింగ్ గుర్తుండాలంటే స్టేషనర్‌నే తలచుకోండి, చివర 'ఈ-ఆర్', పేపర్‌కీ అంతే.