మూడో బాటిల్ ఎక్కడ కట్టాలి? కడప ఎండలో ఏది మేలు?

కడప నుంచి ఒంటిమిట్టకు పోయి రావాలంటే సైకిల్ ఫ్రేమ్ మీదుండే రెండు బాటిళ్లు చాలు. పాతిక కిలోమీటర్లు తొక్కి, గుడి దగ్గర నీళ్లు నింపుకొని వెనక్కి తిరగడమే. గండికోట అనుకున్నప్పుడే చిక్కు మొదలవుతుంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు మీదుగా దారి 80 కిలోమీటర్లు దాటుతుంది. ఎండలో తొక్కే మనిషికి గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా నీళ్లు కావాలి. గంటకు 18 కిలోమీటర్ల చొప్పున పోయినా నాలుగున్నర గంటలు పైనే పడుతుంది, అంటే దగ్గర దగ్గర మూడు లీటర్లు. రెండు 750 మిల్లీలీటర్ల బాటిళ్లలో పట్టేది అందులో సగం. ఊళ్లు తగిలినప్పుడు నింపుకోవచ్చు, నిజమే. కానీ జమ్మలమడుగు దాటాక కోట దాకా ఉండే 15 కిలోమీటర్లలో ఎక్కుడు ఎక్కువ, నీడ తక్కువ. తిరుగు ప్రయాణం మధ్యాహ్నం పడితే ఇక చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర 40 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు.

మరి అదనపు నీళ్లు ఎక్కడ పెట్టాలి? సీటు వెనక, ముందు ఫోర్కుకు (ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే కాళ్లు), ఫ్రేమ్ అడుగున, వీపు మీద, వెనక క్యారియర్ మీద. అయిదింటికీ అభిమానులున్నారు. నా ఓటు క్యారియర్‌కే. ఎందుకో చెప్పేముందు మిగతావాటి సంగతి చూద్దాం.

సీటు వెనక రెండు బాటిళ్లు పెట్టుకునే స్టాండు చూడ్డానికి బాగుంటుంది. ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ) ఆడేవాళ్లు గాలికి అడ్డం తగలకూడదని వాడతారు. వాళ్లు తొక్కేది నున్నటి రోడ్ల మీద. మన దగ్గర ప్రతి ఊరి మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి స్పీడ్ బ్రేకర్. చక్రం ఎగిరిన ప్రతిసారీ బాటిల్ కూడా ఎగురుతుంది, పట్టు కాస్త వదులైతే రోడ్డు మీద పడుతుంది. వెనక లారీ వస్తుంటే దిగి తెచ్చుకోవడం కూడా కష్టమే. ఇంకో దోషం ఎత్తు. రాయచోటి రోడ్డులో గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు సీటు మీంచి లేచి తొక్కి చూడండి, పైన ఉన్న ఆ బరువు సైకిల్‌ను అటూ ఇటూ లాగుతుంది. దీన్ని పక్కన పెట్టేయొచ్చు. (ఘాట్ ఎక్కినవాళ్లు ఎలాగూ అక్కడ పాలకోవా తినకుండా రారు. తిన్నాక అయ్యే దాహం కూడా లెక్కేసుకోండి.)

ఫ్రేమ్‌లో కింది గొట్టం అడుగున, ముందు చక్రం వెనక, బాటిల్ బిగించే మూడో పట్టీకి చోటుండే సైకిళ్లు కొన్ని ఉంటాయి. బరువు పెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు, నేలకు అంత దగ్గర. కానీ ముందు చక్రం చిమ్మే దుమ్మూ బురదా అంతా బాటిల్ మూతి మీదే పడతాయి. గొర్రెల మంద నడిచిపోయిన దారిలో చక్రం ఇంకేం చిమ్ముతుందో వేరే చెప్పాలా? అక్కడ నీళ్లు వద్దు. వెడల్పు మూతి డబ్బా ఒకటి పెట్టి అందులో ట్యూబు, పంక్చర్ సామాను, పానా వేసుకోండి. పల్లేరు ముళ్ల దేశంలో అవి ఎలాగూ తప్పవు.

ఫోర్కుకు రెండు పక్కలా చెరొక లీటరు కట్టడం మంచి పద్ధతే. హ్యాండిల్ కాస్త బరువనిపించినా కాసేపటికి అలవాటవుతుంది. రెండు వైపులా బరువు సమానంగా ఉండాలి, అందుకని ఒకదాన్నే ఖాళీ చేయకుండా మార్చి మార్చి వాడాలి. ఫోర్కుకు బోల్టు రంధ్రాలు లేకపోతే పాత ట్యూబు ముక్క చుట్టి దాని మీద హోస్ క్లిప్ (గొట్టాలకు వేసే ఇనుప బిగింపు పట్టీ) బిగిస్తారు. ఇనుప ఫోర్కుకు అది నడుస్తుంది. కార్బన్ ఫోర్కుకు మాత్రం క్లిప్ బిగించకండి, నొక్కుడుకు పగుళ్లిస్తుంది. నాకు దీనితో ఉన్న భయం ఒక్కటే: బోల్టు వదులై పట్టీ ఊడితే అది పోయేది ముందు చక్రం పుల్లల్లోకి. ఆగిన ప్రతిచోటా చేత్తో ఊపి చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకే ఇది.

వీపు సంచిలో రెండు లీటర్ల తిత్తి, భుజం మీంచి నోటి దాకా గొట్టం. చేయి తీయకుండా గుక్క గుక్క తాగొచ్చు కాబట్టి తాగడం మరిచిపోరు. ఈ ఒక్క గుణంలో దీనికి సాటి లేదు. అయితే రెండు కిలోల నీళ్లు, పైన సంచి బరువు, అన్నీ వీపు మీదుగా అరచేతులకూ సీటుకూ చేరతాయి. వీపుకు గాలి ఆడదు. మూడు గంటలయ్యాక చొక్కా పిండితే కారుతుంది. పైగా అందులో నన్నారి షర్బత్తో గ్లూకోజో పోశారంటే గొట్టం కడగలేక చస్తారు, లోపల బూజు పడుతుంది. సైకిల్‌ను భుజాన వేసుకొని దిగాల్సిన గుట్టల దారులకైతే ఇదే సరైనది. తారు రోడ్డుకు అక్కర్లేదు.

ఇప్పుడు క్యారియర్. అందరూ మూడో బాటిల్ చేతికి అందాలని చూస్తారు, పేచీ అంతా అక్కడే. చేతికి అందాల్సిన నీళ్లు ముందున్న రెండు బాటిళ్లలో ఉన్నాయి కదా. అదనంగా మోసేది నిల్వ. దిగినప్పుడు ముందు బాటిల్లోకి వంపుకుంటే సరిపోతుంది. చేతికి అందనక్కర్లేదు అనుకున్న మరుక్షణం బరువు ఎక్కడ కుదురుగా ఉంటుందన్నదే ప్రశ్న అవుతుంది. దానికి జవాబు పాలవాళ్లు ఎప్పుడో చెప్పారు: క్యాన్లు క్యారియర్ పైన కాదు, దానికి రెండు పక్కలా, కిందికి వేలాడాలి. రెండు గుడ్డ సంచులు, చెరొక లీటరు బాటిల్, ఊగకుండా పాత ట్యూబు చీల్చి చేసిన పట్టీతో ఒక కట్టు. వెనక టైరులో గాలి కొంచెం ఎక్కువ కొట్టించుకోండి. సీటు రాడ్డుకు బిగించే చిన్న క్యారియర్ కూడా రెండు లీటర్లు మోస్తుంది. ఆ రాడ్డు కార్బన్‌ది కాకూడదు, అంతే.

క్యారియర్‌కు ఇంకో లాభం ఉంది. బాటిల్‌కు పాత మేజోడు తొడిగి తడపండి. మా పొడి గాలికి ఆ తడి త్వరగా ఆరుతుంది, ఆరుతూ నీళ్ల వేడిని లాక్కుంటుంది, కుండలో నీళ్లు చల్లబడినట్టే. కోస్తా ఉక్కపోతలో ఇంతగా పనిచేయదు. ఇదే పని ఫోర్కు బాటిళ్లకూ చేయొచ్చు, వీపు తిత్తికి మాత్రం కుదరదు.

ఎక్కడ కట్టినా, మూడు లీటర్లూ ఉత్త నీళ్లే తాగితే చాలదు. చెమటతో పోయే ఉప్పు తిరిగి రావాలి, లేకపోతే కడుపు నిండా నీళ్లున్నా తల తిరుగుతుంది. క్యారియర్ బాటిళ్లలో ఒకదానికి ఓఆర్‌ఎస్ పొట్లం కేటాయించండి. పెద్ద పొట్లం సరిగ్గా లీటరుకే, అర లీటరులో కలపకూడదు. రెండోది ఉత్త నీళ్లే ఉండనివ్వండి, మొహానికీ మేజోడుకీ అదే కావాలి.