సంచుల చెరువులో ఐదు గంటలు, ఊరి చెరువులో ఒక పూట

డబ్బు కట్టి చేపలు పట్టుకునే చెరువది. గాలానికి ఆరువందల రూపాయలు. మనిషికి కాదు, గాలానికి. మూడు గాలాలకి 1,800 కట్టించుకున్నారు. పక్కన కూర్చుని చూసే మా పదకొండేళ్ల అమ్మాయికి వంద. కారు నిలిపినందుకు యాభై. బయటి ఎర వాడకూడదని చెప్పి తమ దగ్గరున్న పిండి పొట్లాలు రెండు అంటగట్టి మూడొందలు. ఒక్క గాలం నీళ్లలో పడకముందే 2,250 రూపాయలు పోయాయి. ఆ డబ్బు సంగతి ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. మా మావయ్యకి అరవై ఎనిమిదేళ్లు. చిన్నప్పటినుంచీ చెరువుగట్ల మీద గాలం వేసిన మనిషి. ఆ మధ్యాహ్నం కారెక్కాక ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది. పండక్కి ఊరొచ్చి, నాలుగు గాలాలు వేద్దామని చోటు వెతుక్కునేవాళ్లు మాలాగ మోసపోకూడదు.

మేం నలుగురం. నేను, మావయ్య, మా అమ్మాయి, హైదరాబాదు నుంచి వచ్చిన మా బావమరిది. ఈసారి అతను 6,800 పెట్టి రీలు ఉన్న కర్ర కొనుక్కొచ్చాడు. మావయ్యది వెదురు కర్ర, జీలుగు బెండు, ఐదు రూపాయల గాలం. ముక్కనుమ మర్నాడు బయల్దేరాం. మొదటిరోజు తాటిపూడి. గోస్తని మీద కట్టిన జలాశయం, విశాఖపట్నానికి తాగునీళ్లు ఇక్కణ్ణించి కూడా వెళ్తాయి. చుట్టూ కొండలు, పడవ షికారు, ఇంటినుంచి తెచ్చుకున్న అరిసెలు. రోజు హాయిగా గడిచిపోయింది. చేపల ప్రసక్తి లేదు.

రెండోరోజు పొద్దున్నే ఆ డబ్బుల చెరువుకి వెళ్లాం. విజయనగరం నుంచి గంటలోపు ప్రయాణం. అంతకుముందు ఫోన్లో అడిగితే ‘మూడు కిలోలకి తక్కువ చేపే లేదండి, గంటకి నాలుగు పడతాయి’ అన్నారు. ఏడింటికల్లా అక్కడున్నాం. చెరువు చదరంగా, శుభ్రంగా ఉంది. ఒడ్డున సిమెంటు దిమ్మలు, వాటిమీద ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు. మాకు ఆరు, ఏడు, ఎనిమిది ఇచ్చారు. అవతలి ఒడ్డున నీళ్లలో పాతిన కర్రలకి చిల్లుల సంచులు వేలాడుతున్నాయి. అటువైపున్న ఒకటి, రెండు దిమ్మలు మాత్రం ‘స్పెషల్’, గాలానికి ఇంకో ఎనిమిదొందలు.

ఆ సంచుల సంగతి తెలియనివాళ్లకి చెప్పాలి. చేపల చెరువుల్లో తవుడు, వేరుశనగ చెక్క కలిపి, అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, కర్రలకి కట్టి నీళ్లలో వేలాడదీస్తారు. చేపలు వచ్చి ఆ చిల్లుల్ని పొడుచుకుంటూ తింటాయి. రోజూ ఒకే వేళకి, ఒకేచోట మేత దొరికేసరికి చెరువులో ఉన్న చేపంతా ఆ వేళకి అక్కడికే చేరుతుంది. మేత అయిపోయాక చాలాసేపు ఎర వైపు పెద్దగా రాదు. ఇది చేపలు పెంచే ప్రతి ఒక్కరికీ తెలిసిన విషయమే. తెలిసే మమ్మల్ని ఏడింటికి రమ్మన్నారు, తెలిసే ఇవతలి ఒడ్డున కూర్చోబెట్టారు.

దీన్ని కనిపెట్టింది మా అమ్మాయి. తొమ్మిదింటికి విసుగొచ్చి గట్టు చుట్టూ తిరిగొచ్చి, “నాన్నా, అటువైపు ఖాళీ సంచులు తడితడిగా ఉన్నాయి. వాళ్లు చేపలకి పొద్దున్నే అన్నం పెట్టేశారు” అంది. మావయ్య బెండు మీంచి చూపు తిప్పకుండానే “అదేరా నాయనా, కడుపు నిండిన చేప గాలం వైపు ఎందుకొస్తాది” అన్నాడు. నేను వెళ్లి అడిగితే అక్కడి కుర్రాడు, మేత వేళ మార్చడం కుదరదనీ, కావాలంటే రెండో దిమ్మకి మారి మిగతా డబ్బు కట్టమనీ అన్నాడు. మా బావమరిది “పోనీ బావా, కట్టేద్దాం” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. దానిమీద మా ఇద్దరికీ కాస్త మాటా మాటా వచ్చింది.

ఐదు గంటల్లో పడింది ఒకే ఒక్క శీలావతి, కిలో నాలుగొందల గ్రాములు. పడిన చేపని తిరిగి వదలడానికి వీల్లేదు, కొనుక్కోవాల్సిందే. కిలో 260 చొప్పున 364 రూపాయలు. ఆ వారం మా వీధి చివర అమ్మేవాడి దగ్గర అదే శీలావతి కిలో 180. వెరసి 2,614 రూపాయలు. రశీదు అడిగితే ఇవ్వలేదు. ఇలాంటి చోటికి వెళ్లక తప్పదంటే డబ్బు కట్టకముందే మూడు సంగతులు అడగండి: మేత ఎన్నింటికి వేస్తారు, సంచులు ఏ ఒడ్డున ఉన్నాయి, చెరువులో వల వేసి ఎన్నాళ్లయింది. మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే వెనక్కి తిరగండి.

మూడోరోజు మధ్యాహ్నం చీపురుపల్లి, రాజాం మీదుగా మడ్డువలస వెళ్లాం. వేగవతి, సువర్ణముఖి నీళ్లు కలిసే చోట కట్టిన జలాశయం. దగ్గర్లోనే సంగాంలో ఆ రెండు నదుల నీళ్లూ నాగావళిలో కలుస్తాయి. అక్కడి సంగమేశ్వరుడి గుడి బలరాముడు ప్రతిష్ఠించాడని చెప్పుకునే ఐదు శివాలయాల్లో ఒకటి. మావయ్యకి ఆ దర్శనం కావాలి, అది చక్కగా అయింది. జలాశయం చూడ్డానికి ఎంత బాగుంటుందో గాలానికి అంత పనికిరాదు. అంత నీళ్లలో చేప ఎక్కడుందో వలలవాళ్లకే తెలియాలి. జనవరిలో నీళ్లు వెనక్కి జరిగి ఒడ్డంతా మోకాలి లోతు బురద. పైగా అక్కడి చేపంతా మత్స్యకారుల సహకార సంఘం వాళ్లది, వాళ్లనడక్కుండా గాలం వెయ్యకూడదు. మా బావమరిది రీలు కర్రతో యాభై గజాలు విసిరి చూద్దామని చాలా సరదాపడ్డాడు గానీ, మావయ్య వద్దనేశాడు.

అయితే అక్కడ తిన్న భోజనం మాత్రం మర్చిపోలేను. రోడ్డువార తాటాకు పాక, నాలుగు బల్లలు. భార్యాభర్తలిద్దరే నడుపుతున్నారు. భోజనం 130, అందులోనే పులుసు. పొద్దున వలలో పడిన బొచ్చె తలకాయ, చింతపండు పులుసు, చివర్లో నూరి కలిపిన ఆవ. ఆ ఘాటు ముక్కుకి తగలగానే మావయ్య మొహంలో ముందురోజు నుంచీ లేని వెలుగొచ్చింది. అప్పుడు మనసు విప్పి మాట్లాడాడు, “మీ అత్త ఇలాగే పెట్టేదిరా” అని. పాక నడిపే ఆవిడ వచ్చి మా అమ్మాయి ఆకులో “తిను తల్లీ, ముళ్లు లేని ముక్కే ఏసేను” అని ఇంకో ముక్క వేసింది. దానికి విడిగా డబ్బు తీసుకోలేదు. పెద్ద నీళ్లలో తిరిగిన చేపకి చెరువు చేపకుండే బురద వాసన ఉండదు. అటువైపు వెళ్తే చేపలు పట్టాలని కాదు, తినాలని వెళ్లండి.

రాత్రి బస గురించి రెండు ముక్కలు. ఫోన్లో 900 చెప్పిన గది, వెళ్లాక పండగ రేటని 1,200 అయింది. వేణ్ణీళ్లు బకెట్టుకి ముప్ఫై. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, అంతవరకు మెచ్చుకోవాలి.

నాలుగోరోజు పొద్దున్న, మడ్డువలస ఉన్న వంగర మండలంలోనే ఒక ఊరి చెరువుకి వెళ్లాం. పులుసు పెట్టినావిడ చెబితేనే వెళ్లాం. సంఘంలో సభ్యుడైన పెద్దాయన గట్టుమీదే ఉన్నాడు. గాలానికి వంద చొప్పున మూడొందలు తీసుకుని, అరకిలోకి తక్కువది పడితే వదిలెయ్యమన్నాడు. మేం నేరుగా తూము దగ్గరికెళ్లి కూర్చున్నాం. లోతు ఎక్కువున్న చోట పెద్ద చేప ఉంటుందన్నది మా లెక్క. ఆయన పది నిమిషాలు ఊరుకుని వచ్చాడు.

“బాబూ, మీరు కూకున్న చోటు మీకు బాగుంటాది గానీ సేపకి బాగోదు. ఈ నెలలో అక్కడి నీల్లు మంచులాగుంటాయి.”

ఆయన చెప్పినదాన్ని నాకర్థమైనట్టు రాస్తాను. మా ప్రాంతంలో నేల కొండల వైపు నుంచి సముద్రం వైపుకి వాలి ఉంటుంది. అందుకే చాలా చెరువులకి గట్టు తూర్పున ఉంటుంది, తూమూ లోతూ దాని దగ్గరే. గట్టుమీద తాటిచెట్ల నీడ పొద్దుట చాలాసేపు అక్కడి నీళ్లమీదే పడుతుంది. ఎండ ముందుగా తగిలేది పడమటి ఒడ్డుకి. అక్కడ నీళ్లు నడుం లోతే కాబట్టి తొందరగా వేడెక్కుతాయి. ఈ చెరువుకి వాయవ్య మూల మామిడితోట ఉంది, అది ఉత్తరపు చలిగాలిని ఆపుతుంది. తోటకి ఎదురుగా తామర. మేత వెతుక్కునే చేప తొమ్మిది దాటాక ఆ మూలకి వస్తుంది.

తామర దగ్గరికి రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. బంగారుతీగ మన నీళ్లలో పుట్టిన చేప కాదు. 1939లో సిలోన్ నుంచి నీలగిరికీ, 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కీ తెచ్చారు. బొచ్చె, శీలావతి, మోసు పారే ఏటి నీళ్లలోనే గుడ్లు పెడతాయి, చెరువులో పెట్టవు. అందుకే ఏటా వాటి పిల్లని తెచ్చి చెరువులో వదలాలి. అదే 1957లో ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త సూదిమందుతో ఇలాంటి చేపలచేత గుడ్లు పెట్టించబట్టే ఇవాళ ఊరూరి చెరువుకీ పిల్ల దొరుకుతోంది. బంగారుతీగకి ఆ బాధ లేదు. నిలవ నీళ్లలోనే నాచుకీ, తామర కాడలకీ గుడ్లు అంటిస్తుంది. దానికి జనవరి నుంచి మార్చి దాకా ముఖ్యమైన కాలం. పెద్దాయనకి ఈ సంవత్సరాలేవీ తెలీవు. “సంకురాత్రి ఎల్లగానే బంగారుతీగ తామర్లో దూరతాది” అన్నాడు, అంతే.

మారి కూర్చున్నాం. మావయ్య దారానికి చిన్న రాయి కట్టి వదిలి లోతు చూసుకున్నాడు. ఎర నేలకి ఆని ఉండేలా బెండు జరిపాడు. మోసు, బంగారుతీగ అడుగున మేస్తాయి, శీలావతి నడిమిన, బొచ్చె పైన. ఏ చేప కావాలో ముందే అనుకుని ఎరని ఆ లోతులో నిలపాలి, ఊరికే విసిరితే లాభం లేదు. ఎరకి రాత్రే చోడిపిండి (రాగిపిండి), వేయించిన వేరుశనగ చెక్క, కాసింత సోంపు కలిపి ముద్ద చేసి ఉంచాడు. ఎనిమిదిన్నర దాకా ఏమీ లేదు. అమ్మాయి పెద్దాయన మనవరాలితో తోటలోకి వెళ్లిపోయింది. తొమ్మిదింపావుకి తామర అంచున సన్న బుడగలు వరసగా లేచాయి, నీళ్లు కాస్త మట్టిరంగు తిరిగాయి. అడుగున చేప మట్టి పెకలిస్తే ఇలాగే ఉంటుంది. మావయ్య ఏమీ అనకుండా నా మోచెయ్యి పట్టుకుని చూపించాడు. బెండు ఒకసారి అడ్డంగా పడుకుంది, మళ్లీ నిలబడింది, తర్వాత మాయమైంది.

బంగారుతీగ. పెద్దాయన త్రాసులో రెండు కిలోల వంద గ్రాములు. వెదురు కర్ర విల్లులా వంగింది, పదినిమిషాలు పట్టింది. మావయ్య నడుం దాకా నీళ్లలోకి దిగి, రెండు చేతులతో పొదివి పట్టుకుని ఒడ్డుకి తెచ్చాడు. పన్నెండింటికల్లా ఇంకో రెండు మోసులు, ఒక్కొక్కటి ముప్పావు కిలోకి అటూ ఇటూ. నాలుగు చిన్నవి వదిలేశాం. మా బావమరిదికి ఒక మంచి చేప తగిలింది కానీ రీలు వదులుగా పెట్టడంతో తామర కాడల్లోకి దూరి దారం తెంపుకుపోయింది. ఆ రీలు విశాలమైన నీళ్లకే గానీ, తామర పక్కన పొట్టి దారంతో బిగబట్టే వెదురే నయం. అతను కూడా ఆ మాట ఒప్పుకున్నాడు, మిగతా పూటంతా మావయ్య పక్కన కూర్చుని ఆ వెదురు కర్రే పట్టుకున్నాడు. డబ్బుల చెరువు దగ్గర మా మధ్య వచ్చిన బిగువు అక్కడ సడలింది.

వచ్చేముందు పెద్దాయన్ని వేసవి సంగతి అడిగాను. దక్షిణం గాలి పడ్డాక తెల్లారేసరికి ఉత్తరపు ఒడ్డున కూర్చోమన్నాడు, గాలి మేతనంతా అటే తోస్తుందట. ఎండ ముదిరాక మాత్రం మేం మొదట కూర్చున్న తూమే మంచి చోటు. చల్లదనం కోసం చేప లోతుకి దిగుతుంది. మార్చి నెలాఖరులో వస్తామని చెప్పాం. మావయ్య తన వెదురు కర్రని ఆయన పాకలో చూరుకి కట్టి వచ్చాడు.