అనంతపురం ఎండల్లో బ్యాగ్‌పైప్: తేమ ప్యాక్‌లు, డబ్బా, మీటర్ ఏండ్ల తరబడి వాడినాక నా మాట

బ్యాగ్‌పైప్, అంటే సంచిలోకి గాలి ఊది దానికి కట్టిన కొయ్య గొట్టాలతో వాయించే వాయిద్యం, ఇంట్లో పెట్టుకున్నోళ్ళు మన సీమలో తక్కువే, పటాలంలోనో పోలీసు బ్యాండ్‌లోనో నేర్చుకుని రిటైరై వచ్చినోళ్ళే ఎక్కువ, అట్లాంటోళ్ళకి పనికొస్తాదని రాస్తాండా. నేను వాడతాండేవి బోవేడా తేమ ప్యాక్‌లు, మూతకి రబ్బరు రింగు ఉండే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలు, గాలిలో తేమ కొలిచే ఒక చిన్న డిజిటల్ హైగ్రోమీటర్. ముందే చెప్తా, ప్యాక్‌లు బాగా పనిచేస్తాయి గానీ డబ్బా సరైంది లేకుంటే ఆ డబ్బులు దండగ.

అసలు సంగతేందంటే ఈ వాయిద్యం గురించి దొరికే సలహాలన్నీ స్కాట్లాండ్ లాంటి చలి, తడి ఊర్లవి, ఆడ వాళ్ళ బాధంతా ఊపిరితో లోపలికి పోయే తేమ ఎట్ల తగ్గించాల్నా అని, అందుకే సంచి లోపల తేమ పీల్చే సిలికా గుళికల క్యానిస్టర్లు పెట్టుకుంటారు. మనకు మార్చి నుంచి జూన్ దాకా దానికి పూర్తిగా తిరుగుడు. బయట 40 దాటిన మధ్యాహ్నం మా హాల్లో మీటర్ 20 శాతానికి అటూ ఇటూ చూపిస్తాది. కొయ్యకి 45 నుంచి 60 శాతం మధ్య ఉంటే నిమ్మళం. అందుకని ఎండాకాలమంతా క్యానిస్టర్ తీసి పక్కన పెట్టేస్తా, మళ్ళా సెప్టెంబర్ వానలప్పుడే లోపలికి పోయేది.

సన్నాయి వాయించే వాళ్ళు పీక నోట్లో పెట్టుకుని తడుపుకుని మొదలుపెడతారు, మనకు ఆ వీలు లేదు, చాంటర్ (వేళ్ళతో స్వరాలు పలికించే గొట్టం) రీడ్, అంటే దాని పీక, సంచికి కట్టిన స్టాక్ అనే కొయ్య మూతి లోపల ఉంటాది, వాయించేటప్పుడు నోరు తగిలేది గాలి ఊదే బ్లోపైప్‌కే. ఆ రీడ్ అరుండో డోనాక్స్ అనే గడ్డి జాతి కాడతో చేసింది, ఎండితే గొంతు సన్నబడి గీ అంటాది, ఊపిరి తేమ తగిలి కుదురుకునే దాకా శృతి నిలబడదు, డ్రోన్లతో (ఒకే శృతి మోగుతాండే పొడుగు గొట్టాలు) కలపనీకే సగం ప్రాక్టీస్ అయిపోతాది. డ్రోన్ రీడ్లు సింథటిక్‌వి వేసుకున్నా కాబట్టి వాటితో ఈ గొడవ లేదు. చాంటర్ రీడ్‌కి మాత్రం కేన్‌దే (ఆ కాడదే) కావాల, ఆ స్వరం ప్లాస్టిక్‌లో రాదు, ఇది నా గట్టి నమ్మకం.

రీడ్లకి చిన్న డబ్బా వేరే, దాంట్లో 62 ప్యాక్, అంటే డబ్బాలో తేమ 62 శాతం దగ్గర నిలిపేది. పైప్స్ విడదీసి పెట్టే పొడుగు డబ్బాలో 49 ప్యాక్‌లు, వాయిద్యాలకని అమ్మేవి అవే. లోపల ఉండేది ఉప్పు లాంటి లవణాల చిక్కటి ద్రావణం, పైన పొర ఆవిరిని మాత్రమే పోనిస్తాది, నీళ్ళు కారవు, గాలి ఎండితే తేమ ఇస్తాది ఎక్కువైతే పీల్చుకుంటాది. పైప్స్‌తో వచ్చిన జిప్పు కేసులో పెట్టి చూసినా, ఎండల్లో కొన్ని వారాలకే ప్యాక్ గట్టిపడి పలకైపోయింది, అదే ప్యాక్ రబ్బరు మూత డబ్బాలో ఎండాకాలం మొత్తం మెత్తగానే ఉండాది. కాబట్టి ముందు డబ్బా కొనండి.

మీటర్ కొనగానే నమ్మొద్దు. సీసా మూతలో వంట ఉప్పు పోసి తడి ఇసుక మాదిరి అయ్యేంత నీళ్ళు చుక్కలు చుక్కలుగా వేసి, మీటర్‌తో పాటు జిప్‌లాక్ కవర్లో ఒక రాత్రంతా పెట్టండి, ఆ గాలి 75 శాతానికి వచ్చి ఆగుతాది, ఏ ఊర్లో చేసినా అంతే. నా మీటర్ 70 చూపించింది, అప్పట్నుంచి 5 కలుపుకుని చదువుతా.

కూలర్ సంగతి చెప్పాల. కూలర్ ఆన్‌లో ఉంటే గదిలో తేమ 60 దాకా ఎక్కుతాది, కరెంటు పోతే గంటలో మళ్ళా కిందికి. కొయ్యకి తక్కువ తేమ ఎంత చెడో ఈ ఎక్కడం దిగడం అంతే చెడు. పైప్స్ ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్‌వి, టాంజానియా, మొజాంబిక్ అడవుల కొయ్య, వాయించినంతసేపు లోపలి రంధ్రం తడిసి ఉబ్బుతాది, బయట పొడిగాలి, ఆ తేడాకే పగుళ్ళొచ్చేది. అందుకే డబ్బా కూలర్‌కి ఎదురుగా కాకుండా లోపలి గదిలో పెట్టినా. వాయించినాక లోపల గుడ్డతో తుడిచి కాసేపు నీడలో ఆరనిచ్చే డబ్బాలో పెట్టాల, తడితోనే మూత బిగిస్తే బూజు.

ఎండిందీ లేందీ మీటర్ లేకున్నా తెలుస్తాది. జాయింట్లకి చుట్టిన మైనం దారం వదులై డ్రోన్ దానంతట అదే తిరుగుతాంటే, గొట్టానికి తొడిగిన మౌంట్ రింగు వేలితో కదుల్తాంటే తేమ పోయినట్టే లెక్క. ఏప్రిల్‌లో దారం ఇంకో రెండు చుట్లు వేస్తా, వానాకాలం రాగానే తీసేస్తా, తీయకుంటే ఉబ్బి జాయింట్ పట్టేసుకుని లాగినా రాదు.

వానల్లో ప్యాక్ ఖర్చు దాదాపు లేదు, ఎండల్లోనే. గట్టిపడిన ప్యాక్‌ని ఒక కవర్లో డిస్టిల్డ్ వాటర్ చుక్కలు వేసి పెడితే కొంత మెత్తబడతాది గానీ కొత్తదానంత కాలం రాదు, రీడ్ల డబ్బాలో మాత్రం ఎప్పుడూ కొత్తదే పెడతా, పాతవి పొడుగు డబ్బాకి. జనవరి 26కి, ఆగస్టు 15కి గ్రౌండ్‌కి పోయేటప్పుడు రీడ్ల డబ్బా చేతిసంచిలోనే, ఎండలో నిలబెట్టిన కార్లో వదిలేది లేదు.