పుజారా రిటైరయ్యాడు, నేను చెస్ట్ గార్డు కొన్నాను

ముందే చెప్తున్నా, ఇది క్రికెట్‌లో బ్యాటర్ ఛాతీకి కట్టుకునే చెస్ట్ గార్డు రివ్యూ. మధ్యమధ్యలో భారత టెస్టు బ్యాటర్ చెతేశ్వర్ పుజారా వస్తుంటాడు. ఆయన లేకపోతే నేను దీన్ని కొనేవాడినే కాదు, కాబట్టి తప్పదు. బ్రాండ్ పేరు రాయట్లేదు, స్ట్రాప్ విషయంలో వాళ్లతో నా పంచాయితీ ఇంకా తేలలేదు.

నాకు నలభై మూడేళ్లు. హైదరాబాద్‌లో ఆదివారం లీగ్ మ్యాచ్‌ల్లో ఓపెనింగ్ చేస్తాను. కుడిచేతి వాటం. స్ట్రైక్ రేట్ అడగొద్దు. నేను క్రీజులో ఉంటే బయటికెళ్లి టీ తాగి రావచ్చని మా టీమ్ కుర్రాళ్లు అంటుంటారు. 2025 జూలైలో మ్యాటింగ్ పిచ్ (చాప పరిచిన పిచ్) మీద ఇంటర్ చదివే పిల్లాడొకడు వేసిన బంతి ఎగిరొచ్చి నా ఎడమ పక్కటెముకలకు తగిలింది. పది రోజులపాటు తుమ్మాలంటే భయం. అప్పటికీ గార్డు కొనాలనిపించలేదు. ఇన్నేళ్లు లేకుండానే ఆడాను కదా, ఇప్పుడు తొడుక్కుంటే నవ్వుతారేమోనని.

ఆగస్టు 24న, అదీ ఆదివారమే, ఔట్‌ఫీల్డ్ ఆరక అందరం షామియానా కింద కూర్చున్నాం. పుజారా రిటైర్మెంట్ వార్త ఫోన్లలో వచ్చింది. వీడ్కోలు మ్యాచ్ లేదు, సోషల్ మీడియాలో ఒక పోస్టు, అంతే. 103 టెస్టులు, 7,195 పరుగులు, 19 సెంచరీలు. "ఇంకా ఆడుతున్నాడా అన్నా?" అన్నాడు మా వికెట్ కీపర్. ఒళ్లు మండింది. వాడికి కోపంతో చెప్పినా ఎక్కదు. ఇంటికొచ్చి 2021 జనవరి నాటి, ఆస్ట్రేలియాతో బ్రిస్బేన్ టెస్టు ఐదో రోజు ఆట పెట్టుకున్నాను.

ఆ రోజు గెలుపు ఘనత పంత్‌దే, 89 నాటౌట్. అందులో గొడవ లేదు. కానీ అంతకుముందు పుజారా 211 బంతులాడి 56 కొట్టాడు. హెల్మెట్ మీద, ఛాతీ మీద, చేతి మీద దెబ్బలు. ఆస్ట్రేలియా పేసర్ హేజిల్‌వుడ్ బంతి వేలికి తగిలినప్పుడైతే బ్యాట్ వదిలేసి నేలమీద పడుకున్నాడు. చూసేవాళ్లకు అది మొండితనంలా కనిపిస్తుంది. అసలు సంగతి తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఆయనే చెప్పాడు. ఒక వైపు పిచ్ మీద పగులుంది, ఇంకో పేసర్ కమిన్స్ దానిమీద వేస్తే బంతి లేస్తోంది. ఆపుదామని చేతులు పైకెత్తితే గ్లవ్‌కు తగిలి క్యాచ్ వెళ్తుంది. వికెట్ పోకూడదు. అందుకని చేతులు దించేసి బంతిని ఒంటికి తగలనిచ్చాడు. అది లెక్క. మనం బజారులో బేరం ఆడేటప్పుడు వేసుకునే లెక్కలాంటిదే, కాకపోతే అక్కడ పోయేది డబ్బు, ఇక్కడ చర్మం.

ఆ రాత్రే గార్డు ఆర్డర్ చేశాను. 1,350 రూపాయలు. నాలుగు రోజుల్లో వచ్చింది.

వస్తువు గురించి. రెండు పొరల ఫోమ్, పైన గట్టి పలకలు. చేతికి బరువుగా అనిపించినా, తొడుక్కుని పది నిమిషాలు తిరిగాక మర్చిపోతాం. మనలాంటి కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ ఛాతీ బౌలర్ వైపు ఉంటుంది కాబట్టి అటువైపు కట్టుకోవాలి. ఒక స్ట్రాప్ భుజం మీదుగా, ఇంకోటి నడుము చుట్టూ. బనియన్ మీద వేసుకుని పైన టీషర్ట్ వేసుకోండి. ఒట్టి ఒంటిమీద కడితే చంక దగ్గర రాసుకుంటుంది, నాకు మొదటి రోజే తెలిసొచ్చింది. సైజు చార్టును నమ్మొద్దు. నేను మామూలుగా ఎల్ వేసుకుంటాను, ఇందులో ఎక్స్‌ఎల్ కావాల్సొచ్చింది. మార్చి పంపారు, ఆ మాట ఒప్పుకోవాలి.

నెట్స్‌లో మా కుర్రాడితో పద్దెనిమిది గజాల నుంచి సైడ్ ఆర్మ్‌తో (బంతి విసిరే పొడవాటి చెంచాలాంటి సాధనం) లెదర్ బంతి వేయించుకున్నాను. మొదటి దెబ్బకు టప్‌మని పెద్ద చప్పుడు, నొప్పి దాదాపు సున్నా. రెండో దెబ్బ అంచు మీద పడింది, కొంచెం తెలిసింది. మూడోది గార్డు కింద, చివరి పక్కటెముక దగ్గర తగిలింది. అక్కడ కవర్ లేదు. పొడుగువాళ్లు ఇది చూసుకోవాలి, ఇంకో రెండు అంగుళాలు కిందికి ఉండాల్సింది.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది చేతులు. ఇంతకాలం ఛాతీ మీదికి బంతి రాగానే నా చేతులు వాటంతటవే లేచేవి. లెగ్ గల్లీలో, అంటే లెగ్ సైడ్ వెనకాల దగ్గరగా నిలబడే ఫీల్డర్‌కు, ఎన్నిసార్లు క్యాచిచ్చి ఔటయ్యానో లెక్కలేదు. గార్డు కట్టుకున్న మూడో మ్యాచ్‌లో అదే ఇంటర్ పిల్లాడు, అదే ఎండ్. బంతి లేచింది. నా చేతులు కిందే ఉన్నాయి. టప్. వాడు నా వైపు చూశాడు, నేను స్కోర్‌బోర్డు వైపు చూశాను. ఆ రోజు 74 బంతుల్లో 22 కొట్టాను. కీపర్ టీకి వెళ్లలేదు.

పుజారాను నేను మైదానంలో చూసింది ఉప్పల్‌లో, 2012 ఆగస్టు 23న. నిజానికి వెళ్లింది లక్ష్మణ్ కోసం. సొంతూళ్లో టెస్టు, టీమ్‌లో ఎంపికయ్యాడు కూడా. సరిగ్గా ఐదు రోజుల ముందు లక్ష్మణ్ రిటైర్మెంట్ చెప్పేశాడు. టికెట్ చేతిలో ఉంది, మనసు లేదు. ద్రవిడ్ కూడా ఆ ఏడాది మార్చిలోనే వెళ్లిపోయాడు. ద్రవిడ్ ఖాళీ చేసిన మూడో నంబర్ బ్యాటింగ్ స్థానంలో ఈ రాజ్‌కోట్ కుర్రాడొచ్చి సాయంత్రానికి సెంచరీ దాటి నాటౌట్‌గా నిలబడ్డాడు. మొత్తం 159, టెస్టుల్లో మొదటి సెంచరీ. మరుసటి మార్చిలో అదే ఉప్పల్‌లో ఆస్ట్రేలియా మీద 204. ఇంకో హైదరాబాద్ ముచ్చట: ఒకే టెస్టులో ఐదు రోజులూ బ్యాటింగ్ చేసిన తొలి భారతీయుడు మన ఎం.ఎల్. జైసింహ, ఆ తర్వాత రవిశాస్త్రి, మూడోవాడు పుజారా. ముగ్గురూ కోల్‌కతాలోనే.

రాంచీలో 525 బంతుల ఇన్నింగ్స్, ఆస్ట్రేలియాలో 2018–19లో 521 పరుగులు అందరికీ తెలిసినవే. నాకు ఎక్కువ నచ్చింది 2022. టీమ్ నుంచి తీసేస్తే చప్పుడు చేయకుండా ఇంగ్లండ్ వెళ్లి ససెక్స్ జట్టుకు కౌంటీలో (అక్కడి దేశవాళీ క్రికెట్) డబుల్ సెంచరీలు బాదాడు, ఆ జూలైకి మళ్లీ టెస్టు టీమ్‌లో ఉన్నాడు. నెమ్మదిగా ఆడతాడని ఏళ్ల తరబడి తిట్టినవాళ్లకు, డిసెంబర్‌లో చట్టోగ్రామ్‌లో 130 బంతుల్లో సెంచరీ కొట్టి చూపించాడు. నన్నెవరైనా టీమ్ నుంచి తీసేస్తే నేను ముందు వాట్సాప్ గ్రూప్ నుంచి బయటికొస్తాను.

సరే, గార్డు లోపాలు. చెమట పీల్చేసి రెండు రోజులైనా ఆరదు, వాసన. ఉతికి నీడలో ఆరేయండి, ఎండలో పెడితే వెల్క్రో చివర్లు లేస్తున్నాయి. ఐదో మ్యాచ్‌కే భుజం స్ట్రాప్ కుట్టు ఊడింది. కంపెనీకి ఫొటోలతో మూడు మెయిళ్లు పెట్టాను. ప్రతిసారీ "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని ఒకే జవాబు. చివరికి మా వీధి టైలర్ ముప్పై రూపాయలకు డబుల్ కుట్టు వేసిచ్చాడు, అదే గట్టిగా ఉంది.

టెన్నిస్ బంతితో ఆడేవాళ్లకు ఇది అనవసరం. లెదర్ బంతి, మ్యాటింగ్, ఎదురుగా పద్దెనిమిదేళ్లు నిండని ఉత్సాహం ఉంటే మాత్రం తీసుకోండి. నా లెక్కలో మూడున్నర స్టార్లు. మిగతా ఒకటిన్నర ఆ టైలర్‌కు.