పాత ల్యాన్సరా, సిటీ వీటెక్కా?

టయోటా వాళ్ల స్పోర్ట్స్ కారు సుప్రా పోస్టర్ గోడకు అంటించుకుని పెరిగినవాణ్ని నేను. మూడు లీటర్ల ఇంజను, గాలిని బలవంతంగా లోపలికి ఎక్కించే టర్బోలు రెండు, 280 హార్స్‌పవర్! జపాన్‌లోనూ స్టీరింగు కుడివైపే, కానీ మూడేళ్లు దాటిన కారును మామూలుగా మన దేశానికి దిగుమతి చేసుకోనివ్వరు. తిరుపతిలో ఉంటూ ఆ మోజు తీర్చుకోవాలంటే నాకు కనిపించినవి రెండే: 1998లో వచ్చిన మిత్సుబిషి ల్యాన్సర్, 2000 ప్రాంతంలో వచ్చిన హోండా సిటీ వీటెక్. రెండూ నాలుగు తలుపుల పెట్రోలు సెడాన్లు, టర్బో దేనికీ లేదు.

ల్యాన్సర్ మన పొరుగున తిరువళ్లూరులోనే తయారైంది. వెనుక చక్రాలకు విడివిడిగా సస్పెన్షన్ ఉండటంతో మొగిలి ఘాట్ మలుపుల్లో రోడ్డును పట్టుకుని పోతుంది. ఇంజను మాత్రం నిదానం. సిటీకి ఒకటిన్నర లీటర్ల ఇంజనులోనే 106 హార్స్‌పవర్. ఇంజను వేగం పెరిగాక వీటెక్ అనే హోండా ఏర్పాటు, గాలిని లోపలికి బయటికి వదిలే వాల్వులను మరింత ఎక్కువగా తెరుస్తుంది, అప్పుడు దాని గొంతే మారిపోతుంది. సామాన్లు కూడా సిటీకే సులువుగా దొరుకుతాయి. ల్యాన్సర్‌కైతే పాత విడిభాగాల బజారైన చెన్నై పుదుపేటలో వెతుక్కోవాలి.

మే నెలలో రేణిగుంట రోడ్డులో ఒక ల్యాన్సర్ చూశాను. పెయింటు అద్దంలా ఉంది. ఇంజను ఆయిల్ మూత తిప్పితే లోపల పాలకోవా రంగు ముద్ద!

"హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్, నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయి," అన్నాడు నాతో వచ్చిన మెకానిక్.

అక్కడి నుంచి వచ్చేశాం.

మా బావ మాత్రం ఏది కొన్నా టర్బో బిగిద్దామంటాడు. నేను గట్టిగా వద్దంటున్నాను. సుప్రా ఇంజను టర్బో కోసమే పుట్టింది. కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలిని నొక్కే నిష్పత్తి, 8.5 దగ్గరే ఆపి, పిస్టన్లు ఆ ఒత్తిడికి తగ్గట్టు చేశారు. మామూలు ఇంజనులోకి గాలిని బలవంతంగా ఎక్కిస్తే సిలిండర్లో వేడి పెరిగి పెట్రోలు అదుపు తప్పి పేలడం (నాకింగ్) మొదలవుతుంది, చివరికి పిస్టన్లే పగులుతాయి. మన ఎండలకు అది ఇంకా త్వరగా జరుగుతుంది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఆర్సీ పునరుద్ధరించుకోవాలి, ఫిట్‌నెస్ పరీక్షలో ఇవన్నీ బయటపడతాయి.

ఆ డబ్బుతో రేడియేటర్, గొట్టాలు, టైమింగ్ బెల్టు, టైర్లు మార్చండి. అన్నిటికంటే ముందు బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతబడిన ఆయిల్ ఘాట్ దిగేటప్పుడు వేడికి మరిగిందంటే పెడల్ నేల దాకా దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు.

మనసు ల్యాన్సర్ మీదే ఉంది. అయినా రోజూ నడపాలి కాబట్టి సిటీకే ఓటేస్తున్నాను, ఎవరూ కోసి కుట్టని బండి దొరికితేనే సుమా. ఈ ఆదివారం చిత్తూరులో ఒకటి చూడబోతున్నాం. మేం వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని యజమానికి ముందే చెప్పాను. చల్లటి ఇంజను తొలిసారి అందుకునేటప్పుడు వచ్చే శబ్దం, పొగ నేనే దగ్గరుండి చూడాలి.