బరంపురం బడిలో రెండేళ్ళు వాడిన ఫోల్డ్‌స్కోప్

కాగితపు మైక్రోస్కోప్ మీద లెక్కల టీచరు రివ్యూ రాయడమేమిటని మా ఇంట్లోనే నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, మేం తెప్పించిన డజను కిట్లలో ఆరింటికి డబ్బులు కట్టింది నేను. మిగతా ఆరు మా సైన్స్ సార్‌వి. బడిని అడిగితే "వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. ఆ వచ్చే ఏడు అయిపోయింది, ఇంకో ఏడు కూడా సగానికి వచ్చింది.

మాది ఒడిశాలో గంజాం జిల్లా బరంపురం. ఇచ్ఛాపురం దాటితే ఎంతో దూరం లేదు. నేను పదో తరగతి దాకా ఇచ్ఛాపురంలో తెలుగు మీడియం. సార్ చదువంతా ఒడియాలో. మా ఇద్దరికీ కుదిరే భాష బరంపురం తెలుగు, అంటే మాటకో ఒడియా ముక్క పడుతూనే ఉంటుంది. పిల్లలకి ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లిష్. ఈ భాషల గోల ఊరికే చెప్పడం లేదు, కిందికి పోయాక పనికొస్తుంది.

మా ల్యాబ్‌లో అసలు మైక్రోస్కోపులు లేక కాదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా బడి పైకప్పు రేకులు లేచిపోయాయి. తడిసిన పెట్టెల్లో లెన్సులకి బూజు పట్టింది. మిగిలింది ఒక్కటి. క్లాసులో నలభై ఒక్క మంది. వరసలో నిలబడితే ఒక్కొక్కరికి పది సెకన్లు. "కనిపించిందా?" అంటే "కనిపించింది టీచర్" అంటారు. ఏం కనిపించిందో అడిగితే మాత్రం పక్కవాడి మొహం చూస్తారు. చాలామంది చూసింది వాళ్ళ కనురెప్ప వెంట్రుకలనే.

ఇక వస్తువు సంగతి. ఫోల్డ్‌స్కోప్ అంటే తడికి చెడని మందపాటి కాగితం లాంటి షీటు. అందులోంచి భాగాలు ఊడదీసి, మడతపెట్టి, ఒకదాంట్లో ఒకటి దూర్చాలి. కత్తెర అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు. మధ్యలో చిన్న గాజు గుండు, అదే లెన్సు. ఫోను కెమెరాకి అతికించుకోడానికి అయస్కాంతం. 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది, రెండు మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దూరంలో ఉన్న రెండు చుక్కల్ని విడివిడిగా చూపిస్తుంది. దీన్ని చేసింది స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్, జిమ్ సైబుల్‌స్కీ. 2014లో పరిశోధన పత్రం వేశారు. మను ప్రకాశ్ మన ఐఐటీ కాన్పూర్‌లో చదివినవాడే. 2015లో మన దేశపు బయోటెక్నాలజీ శాఖ కూడా వాళ్ళ ల్యాబ్‌తో కలిసింది. విడిభాగాల ఖర్చు ఒక డాలరు లోపే అని ఆ పత్రంలో ఉంది కదా అని అదే ధరకి దొరుకుతుందనుకోకండి. ప్యాకింగు, స్లైడ్లు, పోస్టేజి అన్నీ కలిపి మనం కట్టేది వేరే లెక్క.

మొదటిసారి మడవడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. ఏడో తరగతి పిల్లాడు పావుగంటలో మడిచి, నాది కూడా సరిచేసి ఇచ్చాడు.

మొదటి నెల సార్ ఒక్కరే వాడారు. ఉల్లిపొర, ఉప్పు, చీమ కాలు, మందారం పుప్పొడి. పిల్లలు "అబ్బ!" అన్నారు. మూడో వారానికి ఆ "అబ్బ" ఆగిపోయింది, కిట్లు సంచుల అడుక్కి చేరాయి. అక్కడితో రివ్యూ రాసి ఉంటే ఐదుకి రెండున్నర ఇచ్చేదాన్ని. ఒకరోజు సార్ స్టాఫ్‌రూమ్‌కి వచ్చి, "మేడమ్, పెద్దగా ఉంది అంటున్నారు. ఎంత పెద్దగా అంటే చేతులు చాపి చూపిస్తున్నారు. మీ లెక్కలు పట్టుకుని నా పీరియడ్‌కి ఒకసారి రండి" అన్నారు. అప్పటిదాకా నేను ఇంకొకరి క్లాసులో బల్ల మీద కూర్చోలేదు. మొదటి పది నిమిషాలు నాకే పరీక్షలా టెన్షన్‌గా ఉంది.

సార్ పిల్లల్ని అడిగారు: ఇంకా పెద్దగా కనిపించాలంటే గాజు గుండు పెద్దది పెట్టాలా, చిన్నది పెట్టాలా? క్లాసంతా పెద్దదే అంది. నిజం చెప్పాలంటే నేనూ మనసులో అదే అనుకున్నాను. ఆయన నాభ్యంతరం (లెన్సు నడిమధ్య నుంచి, వెలుగు ఒక చుక్కకి చేరే చోటు దాకా ఉన్న దూరం) సూత్రం బోర్డు మీద రాసి సుద్దముక్క నా చేతికిచ్చారు. గాజు వక్రీభవన గుణకం, అంటే అది వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే అంకె, 1.5 అనుకుంటే, గుండు లెన్సు నాభ్యంతరం దాని వ్యాసంలో ముప్పావు వంతు. మనిషి కన్ను హాయిగా చూడగలిగే దగ్గరి దూరం 250 మిల్లీమీటర్లు. దాన్ని నాభ్యంతరంతో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. అంటే గుండు సగమైతే బొమ్మ రెట్టింపు. విలోమానుపాతం! నేను ఆ పాఠాన్ని ఇన్నేళ్ళుగా కూలీలు, రోజులు, గోడ కట్టడంతోనే చెబుతున్నాను. గోడ కట్టే కూలీలతో నాకే విసుగొచ్చింది, పిల్లలకి రాదా?

తర్వాత తిరగేసి చేయించాను. 140 రెట్లు కావాలంటే గుండు ఎంత ఉండాలి? 250 ని 140 తో భాగిస్తే 1.786, దానికి మూడింట నాలుగు వంతులు వేస్తే 2.38 మిల్లీమీటర్లు. ఆవగింజ కంటే కాస్త పెద్దది. పిల్లలు లెన్సు దగ్గర కన్ను పెట్టి, వంటింట్లోంచి తెచ్చిన ఆవగింజ పక్కన పెట్టి పోల్చుకున్నారు. ఒకమ్మాయి ఇంకో అడుగు వేసింది. నాభ్యంతరం గుండు నడిమధ్య నుంచి లెక్క కదా టీచర్, 1.79 లోంచి సగం వ్యాసం 1.19 తీసేస్తే మిగిలేది 0.6 మిల్లీమీటరే అంది. స్లైడు లెన్సుకి అంత దగ్గరగా ఎందుకు పెట్టాలో, దుమ్ము పడితే ఫోకస్ ఎందుకు కుదరదో కంపెనీ కాగితం కన్నా ఆ పిల్ల తీసివేతే బాగా చెప్పింది.

నీటిబొట్టుతో కూడా చేశాం. నీటి గుణకం 1.33 వేస్తే గుండ్రటి బొట్టు నాభ్యంతరం దాదాపు దాని వ్యాసమంతే వస్తుంది. లెక్కలో బాగుంది, చేతిలో బొట్టు నిలవలేదు. అది వదిలేశాం.

రెండో ప్రయత్నం వెంట్రుక మందం. కొత్తగా కొన్నవాళ్ళు దీంతోనే మొదలుపెట్టండి. మైక్రోస్కోపులో స్కేలు ఉండదు, మరి కొలవడం ఎలా? జెల్ పెన్ను రీఫిల్ కాకుండా మామూలు సన్న రీఫిల్ తీసుకుని, వ్యాసం మూడు మిల్లీమీటర్లని చూసుకున్నాం. దాని మీద వెంట్రుకను పక్కపక్కనే యాభై చుట్లు చుట్టాలి. ఎంత పొడుగు వెంట్రుక కావాలో ముందే లెక్క కట్టించాను: 3.14 ఇంటూ 3 ఇంటూ 50, అంటే 471 మిల్లీమీటర్లు. వృత్త పరిధి సూత్రంతో జడ పొడవు తేల్చినందుకు ఆడపిల్లలంతా ఒకరి జడ ఒకరు స్కేలుతో కొలిచారు, పీరియడ్ అయిపోయింది. మర్నాడు చుట్టాం. యాభై చుట్ల వెడల్పు ఒక గుంపుకి నాలుగు మిల్లీమీటర్లు, ఇంకో గుంపుకి మూడున్నర. సందులు వదలకుండా చుట్టడం అంత తేలిక కాదు. మధ్యస్థంగా 0.075 మిల్లీమీటరు అనుకున్నాం.

ఇప్పుడు ఆ వెంట్రుక పక్కన పట్టు పోగు పెట్టి ఫోనుతో ఫొటో తీశాం. బరంపురంలో పట్టుకి కరువా? బరంపురి పట్టుకి 2012లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే ముద్ర, కూడా వచ్చింది. మా తొమ్మిదిలో ఒకడి నాన్నగారి మగ్గం ఇంట్లోనే ఉంది, వాడు కాగితంలో చుట్టి పోగులు తెచ్చాడు. ఫొటో పెద్దది చేసి స్కేలు పెడితే వెంట్రుక 30 మిల్లీమీటర్లు, విడదీసిన పట్టు పోగు 5. ఆరింట ఒకటో వంతు. నేను బోర్డు మీద 12.5 మైక్రాన్లు అని రాసి కింద రెండు గీతలు కొట్టాను. సార్ లేచి వచ్చి ఆ ".5" చెరిపేశారు! పిల్లల ముందే. నాకు ఒళ్ళు మండింది. రెండు మైక్రాన్ల కంటే చిన్నది చూపించలేని పరికరంతో, అటూ ఇటూ ఊగిన వెంట్రుక కొలతతో సగం మైక్రాను ఎక్కడిది మేడమ్, పది పదిహేను మధ్య అనండి చాలు అన్నారు. ఆ సాయంత్రం స్టాఫ్‌రూమ్‌లో వాదించుకున్నాం. ఇంటికి పోయి ఆలోచిస్తే ఆయనదే సబబు. ఇప్పుడు నేను ఎనిమిదో తరగతి క్షేత్రగణితంలో కూడా జవాబు పక్కన "ఎంతవరకు నమ్మొచ్చు?" అని అడుగుతున్నాను.

భాష గొడవ ఇక్కడే వచ్చింది. నేను తెలుగులో నిష్పత్తి (రెండు సంఖ్యల పోలిక) అన్నది ఒడియాలో అనుపాతం. నేను అనుపాతం (రెండు నిష్పత్తులు సమానం కావడం) అన్నది వాళ్ళకి సమానుపాతం. ఒకే బోర్డు మీద నేను ఒక అనుపాతం, సార్ ఇంకో అనుపాతం రాస్తుంటే, ఇంట్లో తెలుగు పుస్తకాలు చూసే పిల్లలు ఇన్నాళ్ళూ ఎందుకు తికమక పడ్డారో ఆ రోజు మాకిద్దరికీ తెలిసింది. విడివిడి క్లాసుల్లో ఉన్నంతకాలం ఎవరి మాట వాళ్ళకి ఒప్పే. ఇప్పుడు బోర్డు పక్కన మూడు భాషల్లో రాసిన అట్ట ఒకటి వేలాడుతోంది.

మగ్గం పిల్లాడు తర్వాత మూడు పోగులు పేర్లు చెప్పకుండా తెచ్చి ఏది ఏదో చెప్పమన్నాడు. పత్తి వెంటనే దొరికింది, మెలితిరిగిన నాడాలా ఉంటుంది. మిగిలిన రెంటిలో పట్టు ఏది, పాలిస్టర్ ఏది? రెండూ నున్నగానే ఉన్నాయి. 140 రెట్లతో తేల్చలేకపోయాం. చివరికి సార్ వాకిట్లో కాల్చి చూపించారు, పట్టు వెంట్రుక కాలిన వాసన కొట్టింది, పాలిస్టర్ కరిగి ఉండ కట్టింది. ఫోల్డ్‌స్కోప్ కొని చీర దుకాణానికి పోదామనుకునే వాళ్ళు అది మానుకోండి. అన్నట్టు, ఒంటి లెన్సు మైక్రోస్కోపుతో మొదట సూక్ష్మజీవుల్ని చూసిన లేవెన్‌హుక్ కూడా డెల్ఫ్ట్ ఊళ్ళో బట్టల వ్యాపారే. ఈ మాట చెప్పాక మగ్గం పిల్లాడు ముందు బెంచీకి మారాడు.

లోపాలు చెప్పాలి. కన్ను లెన్సుకి ఆనించినంత దగ్గర పెట్టాలి, కళ్ళజోడు పిల్లలకి కష్టం. ఫోకస్ బొటనవేళ్ళతో కాగితాన్ని జరిపి చేయాలి, చిన్న పిల్లల చేతులు వణికితే బొమ్మ పారిపోతుంది. ఫోన్లో పెడితే హాయి, కానీ అందరి ఫోన్లకీ ఒకేలా కుదరదు. మా సముద్రపు గాలికి రెండు కిట్ల అయస్కాంతాల అంటు వదిలేసింది. మేం కొన్న ఆన్‌లైన్ అమ్మకందారు ఒక పెట్టెలో స్లైడ్లు పెట్టడం మర్చిపోయాడు. నాలుగు మెయిళ్ళు పెట్టాక పంపాడు, అదీ సగం. స్లైడు బదులు పారదర్శకమైన సెల్లోటేపు రెండు ముక్కల మధ్య నమూనా ఇరికించండి, బాగానే పనిచేస్తుంది. వెలుతురు కోసం కిటికీ చాలు, కరెంటు పోయినా ఇబ్బంది లేదు. కానీ సూర్యుడి వైపు తిప్పి చూడనివ్వకండి, ఇది ప్రతి పీరియడ్‌లో చెప్పాల్సిందే.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది పెట్టెలో లేదు, టైంటేబుల్లో ఉంది. ఇద్దరు టీచర్లు ఒకే క్లాసులో ఉంటే ఇంకో క్లాసు ఖాళీ. "రెండు జీతాలు ఒక పాఠానికా?" అని పైనుంచి ఒక మాట వచ్చింది. శుక్రవారం చివరి రెండు పీరియడ్లు కలిపి, మా పీటీ సార్‌ని బతిమాలి నా ఖాళీ క్లాసుని గ్రౌండ్‌కి పంపుతున్నాం. వాన వస్తే ఆ ఏర్పాటు కూడా ఉండదు. 1972లో మధ్యప్రదేశ్ హోషంగాబాద్‌లో పదహారు బడుల్లో మొదలైన సైన్స్ బోధన కార్యక్రమం గురించి సార్ తరచూ చెబుతుంటారు. పల్లె టీచర్లు, ఢిల్లీ యూనివర్సిటీ వాళ్ళు, ముంబైలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ శాస్త్రవేత్తలు కలిసి కూర్చుని పాఠాలు తయారుచేశారు. ముప్పై ఏళ్ళు నడిచింది, 2002లో ప్రభుత్వం ఆపేసింది. మాది రెండేళ్ళు, ఇద్దరం. పోల్చుకోవడం సిగ్గుచేటే గానీ, సార్ ఆ కథ చెప్పినప్పుడల్లా శుక్రవారం పీరియడ్ రద్దు కాలేదని అర్థం.

కొనాలా? లెక్కలవాళ్ళూ సైన్స్‌వాళ్ళూ మాట్లాడుకునే బడి అయితే కొనండి, ఐదుకి నాలుగు. ఒక్కరే కొంటుంటే రెండు కిట్లతో ఆగండి. క్లాసుకి ఒక్కో కిట్‌కి ముగ్గురు, నలుగురు సరిపోతారు. అందరికీ తలా ఒకటి కొంటే ఫొటో పెద్దది చేసి కొలిచే ఓపిక ఎవరికీ ఉండదు.

మా పన్నెండులో ప్రస్తుతం బడిలో ఉన్నవి పదకొండు. పన్నెండోది మగ్గం పిల్లాడు దసరా సెలవులకి తీసుకెళ్ళాడు. తెమ్మంటే, "నాన్న ఇవ్వట్లేదు టీచర్, జరీ చుట్టు ఎక్కడ లూజైందో చూసుకుంటున్నారు" అంటున్నాడు.